మిత్రిల్ మన రామగిరిలో దొరుకుతుందా?

అనంతపురం

చిరంజీవులైన పిల్లలకు,

మీ అవ్వ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. తొలకరి పడిన మరునాడు మీరంతా వజ్రకరూరు చేలలో వజ్రాలు వెతకడానికి వెళ్లారని, వజ్రం దొరకకపోయినా జేబుల నిండా మెరుపురాళ్లు తెచ్చుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. రెండు రోజులకు మీరు నలుగురూ కలిసి రాసిన ఉత్తరం కూడా అందింది. వజ్రాలు దొరికే నేలలో టోల్కీన్ కథల్లోని మిత్రిల్ అనే లోహం కూడా ఉంటుందేమో, కనీసం రామగిరి పాత బంగారు గనుల అడుగున మిగిలి ఉంటుందేమో అని మీరు అడిగారు. బడిలో చాలా ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని కనుక ఒక్క మాటలో లేదని చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. ఎందుకు లేదో, లేని లోహం గురించి అంత నమ్మకంగా ఎలా రాయగలిగారో రెండూ చెబుతాను.

ముందు ఆ లోహం సంగతి చూద్దాం. ఆంగ్ల రచయిత టోల్కీన్ తన కథలోని ఎల్ఫులు అనే జాతి కోసం స్వయంగా ఒక భాషను కల్పించాడు. మిత్రిల్ అన్నది ఆ భాషలోని మాట. అందులో మొదటి సగానికి బూడిదరంగు అని, రెండో సగానికి మెరుపు అని అర్థం. దాన్ని తవ్వి తీసిన మరుగుజ్జులకు తమ భాషలో ఆ లోహానికి వేరే పేరు ఉంది కానీ వారు దాన్ని పరాయివాళ్లకు చెప్పరు. 1954, 1955 సంవత్సరాల్లో వెలువడిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అనే పెద్ద కథలో మాంత్రికుడు తన వెంట నడిచే చిన్నవాళ్లకు, మరుగుజ్జులు తవ్విన మోరియా అనే గనుల చీకటిలో దీని గుణాలు వివరిస్తాడు. దాన్ని రాగిలాగా సాగగొట్టవచ్చు, అద్దంలాగా మెరుగు పెట్టవచ్చు. పదును పెట్టిన ఉక్కు కంటే గట్టిది, అయినా తేలిక. చూడటానికి వెండిలా ఉంటుంది, కానీ వెండిలా ఎన్నటికీ మసకబారదు. ఆయన మాట ప్రకారం మోరియాలో తప్ప లోకంలో మరెక్కడా అది దొరకదు.

రచయితకు కూడా ఈ లోహం ఒక్కసారిగా దొరకలేదు, ఈ సంగతి నాకు చాలా ఇష్టం. 1937లో వచ్చిన ఆయన పిల్లల పుస్తకం ‘ది హాబిట్’లో కథానాయకుడు బిల్బోకు బహుమానంగా వచ్చిన కవచం వెండిపూత పెట్టిన ఉక్కుతో చేసినది మాత్రమే. పెద్ద కథలో మిత్రిల్ పుట్టిన తరువాత, 1966లో ఆ పాత పుస్తకాన్ని సవరిస్తూ అక్కడ కూడా మిత్రిల్ పేరు చేర్చాడు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఆయన చెప్పిన గుణాలను విడివిడిగా పట్టుకుంటే వాటిలో ఒక్కటి కూడా గాలిలోంచి పుట్టినది కాదు. నా పెళ్లినాటి వెండి మెట్టెలు పెట్టెలో ఉంచితే నల్లబడటం మీరు చూశారు కదా. గాలిలో కొద్దిగా ఉండే గంధక సంబంధమైన వాయువులు వెండితో కలిసి పైన వెండి సల్ఫైడ్ అనే నల్లని పొర ఏర్పడుతుంది. అదే పెట్టెలోని బంగారు కమ్మలకు ఏమీ కాదు, ఎందుకంటే బంగారం ఆ వాయువులతో కలవదు. వెండి అందానికి బంగారపు నిలకడ తోడైతే ఎలా ఉంటుందో ఊహిస్తే మిత్రిల్ వన్నె వస్తుంది.

మెత్తదనం, గట్టిదనం ఒకే లోహంలో ఉండటం మీకు వింతగా తోచింది. దానికి సమాధానం కమ్మరి కొలిమిలో ఉంది. ఎర్రగా కాలిన ఉక్కును సమ్మెటతో కొట్టి కొడవలిగా వంచుతారు, అప్పుడది లొంగుతుంది. అదే కొడవలి అంచును మళ్లీ కాల్చి చటుక్కున నీళ్లలో ముంచితే లోపలి పరమాణువుల అమరిక మారిపోయి అంచు గట్టిపడుతుంది. ఇనుములో నూటికి ఒక పాలో, అంతకు కొంచెం అటూ ఇటూగానో బొగ్గుపదార్థమైన కార్బన్ కలవడం వల్ల ఇదంతా సాధ్యమైంది. పూర్వం దక్షిణాదిలో, ముఖ్యంగా తెలుగు, కన్నడ, తమిళ ప్రాంతాల్లో, మట్టి మూసల్లో ఇనుమును కరిగించి తయారు చేసిన ఉక్కు పశ్చిమాసియా కత్తుల దాకా వెళ్లింది. పాశ్చాత్యులు దాన్ని ‘ఊట్జ్’ అని పిలిచారు, ఆ పేరు మన దక్షిణాది ‘ఉక్కు’ నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. దూరదేశపు రాజులు ఆశపడిన లోహం పేరు మనం రోజూ పలికే మాటలో ఉంది, దీన్ని గుర్తుపెట్టుకోండి.

తేలికగా ఉంటూ బలంగా ఉండటమే అన్నిటికంటే కష్టమైన గుణం. ఘన సెంటీమీటరు ఇనుము దాదాపు 7.9 గ్రాములు తూగుతుంది. అల్యూమినియం 2.7 గ్రాములే, కానీ స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన. టైటానియం 4.5 గ్రాములు, దానిలో అల్యూమినియం, వెనేడియం కొద్దికొద్దిగా కలిపిన మిశ్రమలోహం మంచి ఉక్కుతో పోటీ పడుతుంది, తుప్పు పట్టదు. విమానాల్లోనూ, విరిగిన ఎముకలకు వేసే ప్లేట్లలోనూ వాడేది అదే. మిత్రిల్‌కు అతి దగ్గరి చుట్టం ఎవరని అడిగితే నేను టైటానియం పేరే చెబుతాను. అది లోతైన గనుల్లోంచి రావాలని కూడా లేదు. ఉత్తరాంధ్ర సముద్రతీరంలోని నల్ల ఇసుకలో ఇల్మెనైట్ అనే ఖనిజంగా ఉంటుంది, మీరు భీమిలిలో కాళ్లతో తొక్కి వచ్చారు. ఇసుక సులువుగానే దొరుకుతుంది కానీ, ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకొని వదలని ఆ లోహాన్ని దాన్నుంచి విడదీయడమే కష్టం.

విడదీయడం ఎంత కష్టమో అంత విలువ అనడానికి అల్యూమినియం మంచి ఉదాహరణ. భూమి పైపొరలో అన్ని లోహాల కంటే ఎక్కువగా ఉన్నది అదే. అయినా దాన్ని మట్టి నుంచి విడదీసే సులువైన దారి తెలియని రోజుల్లో వెండి బంగారాల సరసన ఉంచారు. 1884లో అమెరికాలో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనమీద గౌరవంగా పెట్టింది ఒక అల్యూమినియం ముక్కను. రెండేళ్లకు, 1886లో, హాల్, ఎరూ అనే ఇద్దరు యువకులు ఒకరికొకరు తెలియకుండానే విద్యుత్తుతో విడదీసే పద్ధతి కనిపెట్టడంతో దాని ధర పడిపోయింది. ఇప్పుడు దానితోనే మీ అన్నం డబ్బాలు చేస్తున్నారు.

ఇక మీ అసలు ప్రశ్న. ఎవరికీ తెలియని కొత్త లోహం ఒకటి రామగిరి అడుగున ఉండవచ్చా? మూలకాలను వాటి పరమాణువులోని ప్రోటాన్ల సంఖ్యను బట్టి వరుసలో పెడతారు: ఒకటి, రెండు, మూడు, ఇలా 118 వరకు. ఆ వరుసలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. పదమూడుకు, పద్నాలుగుకు మధ్య పదమూడున్నర ప్రోటాన్ల మూలకం ఉండదు. తేలికైన లోహాలన్నీ ఆ వరుస మొదటి భాగంలోనే ఉన్నాయి, అవన్నీ మనకు తెలిసినవే. కాబట్టి కొత్త మూలకంగా మిత్రిల్ మన లోకంలో ఎక్కడా ఉండదు. తెలిసిన మూలకాలను కొత్త పాళ్లలో కలిపి, కొత్తగా కాల్చి చల్లార్చి మనుషులు తయారు చేసే మిశ్రమంగా మాత్రం ఉండవచ్చు. ఆ తలుపు మూసుకోలేదు, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

రామగిరిలో మరి ఏముంది? ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఆ కొండల్లో పూర్వులు తవ్విన గుంతల గుర్తులు ఉన్నాయి, ఇరవయ్యో శతాబ్దంలో కూడా గనులు నడిచి మూతపడ్డాయి. కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర కూడా బంగారం ఉంది; అశోకుని శాసనాల్లోని సువర్ణగిరి అదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. కోట్ల ఏళ్ల నాడు భూమి లోపలి వేడినీరు బంగారాన్ని కరిగించుకొని రాళ్ల పగుళ్లలో పైకి పాకి, చల్లబడుతూ పలుగురాయితో పాటు దాన్ని అక్కడే వదిలేసింది. అలా రాతిలో నరంలా సాగిన ఆ గీతను పట్టుకొనే గనివాడు దిగుతాడు. అది ఎటు వంగితే అటు వంగాలి, ఎంత లోతుకు పోతే అంత లోతుకు పోవాలి.

కోలారులో అలా దిగి దిగి మూడు కిలోమీటర్లు దాటారు. మా పెదనాన్న అక్కడే పనిచేశారు. లోపల రాయి చేయి ఆనించలేనంత వేడిగా ఉంటుందని, పైనున్న కొండ బరువుకు ఒక్కోసారి రాయి హఠాత్తుగా బద్దలై మనుషుల మీద పడుతుందని ఆయన చెప్పేవారు. అలా బద్దలయ్యే ముందు రాయి ‘మాట్లాడుతుంది’ అనేవారు. రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి దగ్గుతూనే ముసలితనం రాకముందే పోయారు. బంగారం కంటే తవ్వే ఖర్చు ఎక్కువై 2001లో ఆ గనులు మూసేశారు. తవ్వి పోసిన బూడిదరంగు దిబ్బలు ఇంకా గుట్టల్లా నిలిచి ఉన్నాయి.

మోరియా కథ ఇందుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. మిత్రిల్ గీత ఉత్తరాన కరద్రాస్ అనే కొండ వైపు, లోపలి చీకటిలోకి సాగింది. మరుగుజ్జులు దాన్ని వెంబడిస్తూ తవ్వుకుంటూ పోయి, అట్టడుగున నిద్రిస్తున్న అగ్నిభూతాన్ని లేపారు. అది వారి రాజును చంపింది, మరుసటి ఏడాది రాజకుమారుణ్ణి చంపింది, మిగిలినవారు ఇల్లూ గనీ వదిలి పారిపోయారు. కథలో దీన్ని అత్యాశ అన్నారు. ఆ మాట నాకు పూర్తిగా నచ్చదు. బతుకు మొత్తం ఆ ఒక్క గీత మీదే నిలిచిన జనానికి ఆగడం ఎంత కష్టమో మా పెదనాన్న దగ్గు విన్నదాన్ని, నాకు తెలుసు.

మీలో చిన్నది ఉత్తరం చివర వంకర అక్షరాలతో వేరే ప్రశ్న రాసింది: పెద్ద కథలో నాయకుడైన ఫ్రోడోను ఈటెతో పొడిస్తే, అది అతని మిత్రిల్ కవచంలోంచి దిగకపోయినా ఆ దెబ్బకు నొప్పి పుట్టదా అని. బంగారుతల్లీ, ఇది చాలా మంచి ప్రశ్న. కవచం ఈటె మొనను ఆపుతుంది కానీ దాని వెనకనున్న తోపును మాయం చేయలేదు. ఆ తోపు శరీరానికి తగిలి తీరాలి. కవచం గట్టిదైతే ఆ తోపును ఎక్కువ చోటికి పంచుతుంది, అంతే. అందుకే ఆ తరువాతి పుటల్లో కవచం విప్పి చూసినప్పుడు ఫ్రోడో కుడి పక్కన, రొమ్ము మీద నల్లగా కమిలి ఉంటుంది. లోపల వేసుకున్న తోలు చొక్కాను చీల్చుకొని కవచంలోని లోహపు వలయాలు ఒకచోట ఒంట్లోకి దిగి ఉంటాయి. ఆ పుట నీ పుస్తకంలో ఎక్కడుందో వెతికి, అమ్మ చేత చదివించుకో.

మీ అవ్వ