అండాశయం వాటి పుట్టిల్లు కాదు

అండం అండాశయంలో, వీర్యకణం వృషణంలో తయారవుతాయని బడిలో చదువుకున్నాం. తప్పేం కాదు, కాకపోతే కథను సగంలోంచి చెప్పడం. ఈ రెండింటికీ మూలమైన ఆదిమ బీజకణాలు పుట్టేనాటికి అండాశయమూ లేదు, వృషణమూ లేదు.

మనిషి పిండానికి నాలుగో వారం నడుస్తుండగా ఈ కణాలు సొనసంచి గోడలో కనిపిస్తాయి. అంటే పిండం ఒంటికి బయట! ఒంట్లో అప్పుడు ఒకటే హడావిడి. కొన్ని కణాలు కండరం దారి పడుతుంటే, కొన్ని నాడుల దారి పడుతుంటాయి. ఆ సందడికి ఇవి దూరంగా ఉంటాయి. ఇదెలాగో చిట్టెలుకలో బాగా తేలింది. పక్క కణజాలం నుంచి బీఎంపీ4 అనే ప్రొటీన్ అందాక, కొద్ది కణాల్లో బ్లింప్1 అనే జన్యువు మేలుకుని, మామూలు శరీరకణంగా మారే దారిని మూసేస్తుంది. ఏడో రోజుకి అలాంటివి ఓ 40 ఉంటాయి, అంతే.

తర్వాత ప్రయాణం. పేగుగా మారబోయే గొట్టం గోడ వెంట, ఆ పేగును వీపువైపు పట్టి ఉంచే పొర మీదుగా జరుగుతూ, దారిలోనే రెట్టింపవుతూ, ఆరో వారానికల్లా బీజకోశాలు (అండాశయాలో, వృషణాలో) ఏర్పడే చోటికి చేరతాయి. (కోడిలో అయితే రక్తంలో పడి వెళ్తాయి, బస్సు దొరికినట్టు.) దారి పొడవునా పక్క కణాలు ఇచ్చే ఒక ప్రొటీన్ అందుతుండాలి, లేకపోతే చచ్చిపోతాయి. దాన్ని అందుకునే గ్రాహకం పేరు కిట్. చర్మానికీ బొచ్చుకీ రంగునిచ్చే కణాలకూ, రక్తాన్ని తయారుచేసే కణాలకూ అదే గ్రాహకం కావాలి. అందుకే ఈ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు దెబ్బతిన్న కొన్ని చిట్టెలుకలకు బొచ్చు తెల్లగా ఉంటుంది, రక్తహీనత ఉంటుంది, పిల్లలు పుట్టవు.

గమ్యం చేరాక ఆడపిండంలో ఇవి అయిదో నెలకి 60, 70 లక్షలవుతాయి. క్రోమోజోముల సంఖ్యను సగం చేసే క్షయకరణ విభజన మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తాయి. పాప పుట్టేసరికి మిగిలేవి 10 నుంచి 20 లక్షలే. మగపిండంలో ఆ విభజన జోలికే పోవు, యుక్తవయసు దాకా.

మరి దారి తప్పినవి? చాలావరకు చనిపోతాయి. బతికిపోయినవాటి వల్లే ఛాతీలోనో, మెదడులోని పీనియల్ గ్రంథి దగ్గరో బీజకణాల కణితులు వస్తాయన్నది చాలాకాలంగా ఉన్న వివరణ. అలాంటి కొన్ని కణితుల్లో వెంట్రుకలు, పళ్లు కూడా దొరుకుతాయి. నాకు అంతకన్నా వింతగా తోచేది మగ చిట్టెలుక సంగతి. బీజకణం వృషణానికి చేరకుండా పక్కనే ఉన్న అడ్రినల్ గ్రంథిలో చిక్కుకుంటే, వై క్రోమోజోమ్ ఉన్నా సరే, అది అండంగా ఎదగడం మొదలుపెడుతుంది. చిట్టెలుక పుట్టిన కొద్ది వారాలకే ఆ కణం నశించిపోతుంది.