బడిలోకి హిప్‌హాప్ కాళ్ల దారిన వచ్చింది

హైదరాబాద్‌లో ప్రైవేటు బడి వార్షికోత్సవం అంటే ఒక హిప్‌హాప్ నృత్యం ఉండాల్సిందే. టోపీలు వెనక్కి తిప్పుకున్న పిల్లలు వేదికపై గిరగిరా తిరుగుతారు, తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తుతారు. మర్నాడు టోపీలు అద్దె దుకాణానికి, పిల్లలు యూనిట్ టెస్టుకు. ఈ సంస్కృతితో పాఠం కూడా చెప్పవచ్చంటే నవ్వేవాళ్లే ఎక్కువ. కానీ దాని పుట్టుకలోనే బడి ఉంది.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడులు తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలి, అంతే. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేసింది ఆమె అన్న, కూల్ హెర్క్. పాటలో డోలు ఒక్కటే మోగే ముక్క వచ్చినప్పుడే జనం బాగా ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులతో ఆ ముక్కనే సాగదీసే పద్ధతి అతనిది. న్యూయార్క్ దివాలా అంచుకు చేరి వేలాది టీచర్లను తొలగించింది 1975లో. సంగీతం, చిత్రలేఖనం తరగతులకు గట్టి దెబ్బ తగిలింది. బడిలో సంగీతం పోయింది కాబట్టే హిప్‌హాప్ పుట్టిందని కొందరు చెబుతారు గానీ, తేదీలు ఒప్పుకోవు. పార్టీ ముందు, కోతలు తరువాత.

రికార్డులు మోగించే డీజే పని, తాళానికి ప్రాసతో మాటలు పలికే ర్యాప్, బ్రేక్ డ్యాన్స్, గోడల మీద గ్రాఫిటీ హిప్‌హాప్‌కు నాలుగు అంగాలు. ఆఫ్రికా బంబాటా అనే బ్రాంక్స్ డీజే బృందం అయిదోదిగా ‘జ్ఞానం’ చేర్చింది. అధ్యాపకులు పట్టుకున్నది ఆ అయిదోదాన్నే. 1995లో అమెరికా విద్యావేత్త గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ పిల్లల సొంత సంస్కృతి మీద నిలబడే బోధన గురించి సిద్ధాంతం రాశారు. 2012-13లో కొలంబియా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు క్రిస్టఫర్ ఎండిన్, ర్యాపర్ జిజాతో కలిసి న్యూయార్క్‌లో పది ప్రభుత్వ హైస్కూళ్లలో విద్యార్థుల చేత విజ్ఞానశాస్త్రం మీద ర్యాప్ రాయించారు. అక్కడ రాసేది పిల్లలు. టీచరు రాసిచ్చిన ఎక్కాల పాట బట్టీ పట్టడం కాదు. ఈ తేడా చెరిగిపోతే మిగిలేది కొత్త బాణీలో పాత బట్టీయమే.

మనకు హిప్‌హాప్ తొంభయ్యో దశకంలో ప్రభుదేవా చిందుల వెంట, ఆపైన టీవీ డ్యాన్స్ పోటీల వెంట వచ్చింది. అంటే కాళ్ల దారిన. నోటి దారిన వచ్చిన తెలుగు, దక్కనీ ర్యాప్ యువకుల ఫోన్లలో ఉంది, బడి గేటు దాటలేదు.

చిత్రమేమిటంటే నోటి దారి మనకు పాతదే. బుర్రకథలో కథకుడు చరణం అందుకుంటే వంతలు ‘తందాన తాన’ అంటారు. 1940ల్లో ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ ఆ కళతో రాజకీయం చెప్పారు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. ఆ చదువు నేర్చిన దూబగుంట ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు.

ఇక ప్రాస. ర్యాప్‌కు ప్రాస పాదం చివర కావాలి. తెలుగులో వాక్యం చివర క్రియ ఉంటుంది కాబట్టి వచ్చాడు, తెచ్చాడు, ఇచ్చాడు అంటూ అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. అందుకే చాలా తెలుగు ర్యాప్ నాలుగు పాదాలకే విసుగెత్తిస్తుంది. కందపద్యం అలా వదలదు. ప్రాస రెండో అక్షరంలో పడాలి: అక్కరకు, మ్రొక్కిన, ఎక్కిన, గ్రక్కున. ఈ నియమానికి లోబడి ఎనిమిది పాదాల ర్యాప్ రాయమంటే తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఛందస్సు ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు.

2020 జాతీయ విద్యావిధానం కళలతో కలిపి బోధించమంటోంది. ఏ భాషలో అన్నది వేరే చిక్కు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం దశలవారీగా వచ్చింది. పాతబస్తీ పిల్లల నోట దక్కనీ, పక్క వీధిలో తెలుగు. ప్రస్తుతానికి డ్యాన్స్ మాస్టరును వార్షికోత్సవానికి నెల ముందు పిలుస్తారు. ఆయన స్పీకరు మోత పక్క గదిలోకి వినిపిస్తుంటుంది. అక్కడ తెలుగు టీచరు తలుపు మూసి, గణాలు విడదీయమని బోర్డు మీద పద్యం రాస్తారు.