చిగుళ్ళ జబ్బుకు టీకా ఇంకా ఎందుకు రాలేదు?

హెపటైటిస్-బి టీకాను శాంతా బయోటెక్నిక్స్ 1997లో మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్ నుంచే, కోవాగ్జిన్ పుట్టింది ఊరి శివార్లలో టీకా కంపెనీలున్న మన జీనోమ్ వ్యాలీలోనే. అలాంటి ఊళ్ళో చిగుళ్ళ నుంచి రక్తం కారుతూ, పళ్ళు కదులుతూ డెంటల్ ఆసుపత్రుల్లో లైన్లు కట్టేవాళ్ళకి మాత్రం వేయడానికి ఒక్క టీకా కూడా లేదు. ఇక్కడే కాదు, ప్రపంచంలో ఎక్కడా లేదు.

అలాగని ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 1900ల మొదట్లోనే లండన్‌లో కెన్నెత్ గాడ్బీ అనే ఆయన పయోరియా (చీము పట్టే చిగుళ్ళ జబ్బు) రోగుల నోట్లోంచే బ్యాక్టీరియా తీసి, పెంచి, దాన్ని టీకాగా మార్చి వాళ్ళకే ఎక్కించి చూశాడు. ఆ పద్ధతి కొన్నేళ్ళు నడిచి వెనకబడిపోయింది. అసలు నేరస్థుడు ఎవరో అప్పటికి తెలియదు, పైగా చిగుళ్ళ సందుల్లో బతికే బ్యాక్టీరియాలో చాలావాటికి ఆక్సిజన్ పడదు కాబట్టి మామూలుగా ల్యాబ్‌లో పెంచితే అవి దొరకవు.

1965లో డెన్మార్క్‌లో హారల్డ్ లో (Löe) అనే పరిశోధకుడి బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత బ్రష్ చేయడం మాన్పించింది. మూడు వారాల లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ శుభ్రం చేసుకోగానే తగ్గాయి. దాంతో పాచిదే తప్పని తేలింది. ఆ తర్వాత పాచిలోని వందల రకాల బ్యాక్టీరియాలో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనేదాని మీద అనుమానం బలపడింది. 1994లో అమెరికాలో, చంపిన ఈ బ్యాక్టీరియాను టీకాగా వేసిన కోతుల్లో దవడ ఎముక అరగడం తగ్గింది. నా దృష్టిలో ఈ కథలో మొదటి గట్టి ఆశ అదే.

మరి అక్కడే ఎందుకు ఆగింది అంటే, ఈ బ్యాక్టీరియా తట్టు వైరస్‌లా బయటి నుంచి వచ్చి ఒంటిమీద పడేది కాదు, నోట్లో మిగతావాటితో కలిసి కాపురముండేది, సంఖ్యలో కొంచెమే ఉన్నా మొత్తం గుంపునే చెడగొట్టగలదు. జింజిపెయిన్లు అనే ఎంజైములతో మన రక్షణ ప్రోటీన్లను ముక్కలు చేసి, ఆ ముక్కల్నే తిండిగా వాడుకుంటుంది. చివరికి ఎముకను కరిగించేది కూడా ఆ వాపుకి రెచ్చిపోయిన మన సొంత కణాలే. అంటే రోగనిరోధక శక్తిని గుడ్డిగా పెంచితే మంటలో నెయ్యి పోసినట్టే అయ్యే ప్రమాదం ఉంది!

అందుకే మెల్‌బోర్న్‌లో ఎరిక్ రేనాల్డ్స్ బృందం నేరుగా ఆ జింజిపెయిన్లనే గురిపెట్టింది. వాళ్ళు 2016లో ప్రచురించిన ఫలితాల్లో, అప్పటికే ఇన్ఫెక్షన్ ఉన్న ఎలుకలకు ఆ టీకా వేసినా ఎముక నష్టం తగ్గింది. నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే మన దగ్గర డాక్టర్ దగ్గరికి వెళ్ళేదే జబ్బు ముదిరాక. కానీ ఎలుకల నుంచి మనుషుల దాకా రావడానికి ఏళ్ళ తరబడి ట్రయల్స్ కావాలి, బోలెడంత డబ్బు కావాలి, నేరుగా ప్రాణం తీయని జబ్బు కాబట్టి టీకాతో చిన్న రిస్క్ ఉన్నా ఒప్పుకోరు. ఒకవేళ వచ్చినా, అప్పటికే పోయిన ఎముకను అది తిరిగి పెంచదు. అందాకా స్కేలింగ్ (డెంటిస్టు దగ్గర పళ్ళకి పట్టిన పాచి, గార తీయించడం) చేయించుకోవాల్సిందే, షుగర్ ఉన్నవాళ్ళయితే మరీనూ.