హైడ్రోజన్ కోసం ఖాళీగా ఉంచిన 27 మెగాహెర్ట్జ్

రేడియో స్పెక్ట్రంలో 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ఎవరూ ప్రసారం చెయ్యకూడదు. ఫోన్ కంపెనీలకైనా, ఉపగ్రహాలకైనా ఇదే నియమం. కోట్ల రూపాయలు పలికే స్పెక్ట్రంలో ఆ ముక్కను ఎందుకు వదిలేశారు? ఆ కథ 1944లో లైడెన్‌లో మొదలైంది.

అప్పుడు నెదర్లాండ్స్ జర్మన్ల ఆక్రమణలో ఉంది. పాలపుంతలో దుమ్ము అడ్డుపడి టెలిస్కోపుకు కనిపించని భాగాలను రేడియో తరంగాలతో చూడొచ్చని ఖగోళ శాస్త్రవేత్త యాన్ ఊర్ట్‌కు తట్టింది. ఆ తరంగాల్లో గుర్తుపట్టదగ్గ గీత, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చే సంకేతం, ఒకటి ఉంటే వాయువు ఎంత వేగంగా కదులుతోందో కూడా తెలుస్తుంది. అలాంటిది ఉందేమో చూడమని పాతికేళ్ల విద్యార్థి హెండ్రిక్ వాన్ డి హుల్స్ట్‌కు చెప్పారు. ఆయన లెక్కలు కట్టి హైడ్రోజన్‌ను చూపించాడు. ప్రోటాన్, ఎలక్ట్రాన్ స్పిన్‌లు (బొంగరం తిరగడం లాంటి గుణం) ఒకే వైపు ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ స్పిన్ తిరగబడితే 21 సెంటీమీటర్ల తరంగం, అంటే సుమారు 1420 మెగాహెర్ట్జ్ సంకేతం, వెలువడుతుంది. ఒక్క పరమాణువులో ఇది దానంతటది జరగడానికి సగటున కోటీ పది లక్షల ఏళ్లు పడుతుంది! అయినా నక్షత్రాల మధ్య హైడ్రోజన్ అంత విస్తారంగా ఉంది కాబట్టి వినిపించవచ్చని ఆయన ఆశ.

యుద్ధం ముగిశాక డచ్చివాళ్లు జర్మన్లు వదిలిపోయిన రాడార్ డిష్‌తో వెతకడం మొదలుపెట్టారు. 1950లో అగ్నిప్రమాదంలో వాళ్ల రిసీవర్ కాలిపోయింది. ఈలోగా హార్వర్డ్‌లో హెరాల్డ్ యూవెన్, ఎడ్వర్డ్ పర్సెల్ 500 డాలర్ల గ్రాంటుతో, కిటికీ బయటకు బిగించిన గరాటు లాంటి యాంటెనాతో 1951 మార్చి 25న ఆ గీతను పట్టుకున్నారు. వానొస్తే ఆ గరాటులోంచి నీళ్లు గదిలోకి వచ్చేవి. నాకు అన్నిటికంటే నచ్చేది తర్వాత జరిగింది: పర్సెల్ తమ పద్ధతిని డచ్చివాళ్లకు చెప్పి, వాళ్లు కూడా మే నెలలో వినేదాకా ఆగారు. రెండు పత్రాలూ ‘నేచర్’ ఒకే సంచికలో వచ్చాయి. కొన్నేళ్లలోనే పాలపుంత సర్పిల చేతుల పటం తయారైంది.

1959లో జెనీవా సదస్సు ఈ పట్టీని రేడియో ఖగోళశాస్త్రానికి కేటాయించింది.

అయితే విశ్వం వ్యాకోచిస్తోంది కదా, దూరం పెరిగేకొద్దీ ఆ గీత కిందికి జరుగుతుంది. సుమారు 20 కోట్ల కాంతి సంవత్సరాలు దాటితే 1400 కంటే దిగువకు, అంటే కంచె బయటకు పోతుంది. పుణె దగ్గర ఖోడద్‌లోని రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ 880 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన హైడ్రోజన్ సంకేతాన్ని పట్టింది, అదీ 620 మెగాహెర్ట్జ్ దగ్గర. అంతకు కొంచెం పైన, 700 బ్యాండ్‌లో, మన 5జీ ఫోన్లు మాట్లాడుతున్నాయి.