పెన్‌డ్రైవ్ పెట్టినా తెరుచుకోకపోతే: లినక్స్ డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీ డిస్కులపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో లినక్స్ డెస్క్‌టాప్‌ల నిర్వహణ నా వృత్తి. మారతహళ్ళి, కృష్ణరాజపురం వైపు ఉండే మన తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు ఆదివారం నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చినప్పుడు చెప్పే మాట చాలాసార్లు ఒకటే: "అన్నా, హార్డ్ డిస్కు పెడితే ఏమీ రావడం లేదు, పోయినట్టుంది." అలా నా దగ్గరకు వచ్చినవాటిలో నిజంగా పాడైన డిస్కులు తక్కువ. కానీ పోయిందన్న నమ్మకంతో, నా దగ్గరకు రాకముందే ఫార్మాట్ చేసేసిన డిస్కులను చూశాను. అక్క పెళ్లి ఫొటోలు, మూడేళ్ల ప్రాజెక్టు పని, చనిపోయిన నాన్నగారి గొంతు ఉన్న ఒకే ఒక్క వీడియో అలా పోయాయి. ఆ పరిస్థితికి దారితీసే అపోహలను, వాటి వెనుక ఉన్న అసలు విషయాలను ఇక్కడ రాస్తున్నాను. ఆదేశాల పేర్లను మనం పలికే తీరులోనే తెలుగు లిపిలో రాశాను.

అపోహ: డిస్కు పెట్టగానే దానంతటదే తెరుచుకోవాలి, తెరుచుకోకపోతే డిస్కు పాడైనట్టే.

దానంతటదే జరిగినట్టు కనిపించే ఈ పని నిజానికి నలుగురి చేతులు మారుతుంది. మొదట కెర్నల్, అంటే లినక్స్ మూలభాగం, యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించి, దానికి ఎస్‌డీబీ వంటి పేరు ఇచ్చి, అందులోని విభాగాలను ఎస్‌డీబీ1, ఎస్‌డీబీ2 అని విడదీస్తుంది. తరువాత యూడెవ్ అనే సేవ ఆ విభాగంలో ఉన్నది ఏ ఫైల్‌సిస్టమో (ఫైళ్లను అమర్చే పద్ధతి), దాని లేబుల్ ఏమిటో, దానికి మాత్రమే సొంతమైన యూయూఐడీ సంఖ్య ఏమిటో చదివి నమోదు చేస్తుంది. ఆ వివరాలను యూడిస్క్స్ అనే సేవ అందుకుని డెస్క్‌టాప్‌కు తెలియజేస్తుంది. చివరగా, లాగిన్ అయి ఉన్న మన సెషన్‌లోని భాగం, అంటే గ్నోమ్‌లో గ్నోమ్ షెల్, కేడీఈలో దాని ఆటోమౌంటర్, ఎక్స్‌ఎఫ్‌సీఈలో థునార్ వోల్‌మన్, "దీన్ని మౌంట్ చెయ్యి", అంటే ఒక ఫోల్డర్‌గా తెరిచి చూపించు, అని యూడిస్క్స్‌ను అడుగుతుంది. అడిగినవారికి ఆ హక్కు ఉందో లేదో పోల్‌కిట్ నిర్ణయిస్తుంది. ఈ వరుసలో ఎక్కడ ఆగినా తెరమీద మనకు కనిపించేది ఒకటే: ఏమీ రాకపోవడం.

కాబట్టి ఏదైనా మార్చే ముందు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశాన్ని, హైఫన్ తరువాత ఎఫ్ అనే గుర్తుతో నడిపితే, డిస్కులన్నీ వాటి ఫైల్‌సిస్టమ్, యూయూఐడీ వివరాలతో కనిపిస్తాయి. మన డిస్కు ఆ జాబితాలోనే లేకపోతే సమస్య కెర్నల్ దగ్గరో అంతకు ముందో, అంటే కేబుల్, పోర్ట్, విద్యుత్తు, డ్రైవర్ వీటిలో ఎక్కడో ఉంది. డిస్కు కనిపించి, ఫైల్‌సిస్టమ్ గడి ఖాళీగా ఉంటే యూడెవ్ దాన్ని పోల్చుకోలేకపోయిందని అర్థం. పాత ఫార్మాట్ తాలూకు గుర్తులు చెరగకుండా కొత్త ఫార్మాట్ గుర్తులతో కలిసి మిగిలిపోయిన డిస్కుల్లో ఇది నేను తరచు చూశాను. రెండూ సరిగ్గా ఉంటే యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ ఆదేశానికి ఆ విభాగం పేరు ఇచ్చి చేత్తో మౌంట్ చేసి చూడాలి. ఉబుంటు, డెబియన్‌లలో మీడియా ఫోల్డర్‌లో మన యూజర్ పేరు కింద, ఫెడోరా, ఆర్చ్‌లలో రన్ ఫోల్డర్‌లోని మీడియా కింద అది మౌంట్ అయితే డిస్కుకు ఏ లోపమూ లేదు, అడగవలసిన డెస్క్‌టాప్ అడగలేదు, అంతే. నేను ఎవరికైనా ముందుగా నేర్పేది ఈ ఒక్క పరీక్షే, ఎందుకంటే సమస్యను ఇది ఒక్క దెబ్బతో రెండుగా చీలుస్తుంది.

అపోహ: మౌంట్ చేస్తే "రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని వస్తోంది కాబట్టి ఫార్మాట్ తప్ప దారి లేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇదే. ఆ వాక్యం పలు కారణాలకు కలిపి వచ్చే ఉమ్మడి సందేశం మాత్రమే. అసలు కారణం కెర్నల్ లాగ్‌లో, అంటే కెర్నల్ రాసుకునే సందేశాల చిట్టాలో, ఉంటుంది. డీమెసేజ్ ఆదేశంతో చివరి పది పదిహేను వరుసలు చదివితే అది బయటపడుతుంది.

మన ఇళ్లలోని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు చాలావరకు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటాయి, విండోస్‌కూ లినక్స్‌కూ మధ్య తిరుగుతూ ఉంటాయి. విండోస్‌లో వాడుతుండగా ఎజెక్ట్ చేయకుండా డిస్కును పీకేస్తే, దానిమీద "శుభ్రంగా మూయలేదు" అని తెలిపే ఒక గుర్తు మిగిలిపోతుంది. 2021లో వచ్చిన 5.15 కెర్నల్‌తో ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే డ్రైవర్ కెర్నల్‌లోనే చేరింది. అది ఈ గుర్తు ఉన్న డిస్కును, మనం బలవంతం చేస్తే తప్ప, రాయడానికి వీలుగా మౌంట్ చేయదు. "వాల్యూమ్ డర్టీగా ఉంది, ఫోర్స్ గుర్తు లేదు" అనే భావం గల వరుస లాగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అంతకు ముందు నుంచీ ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ ధోరణి వేరు, ఈ గుర్తు ఉన్నా అది సాధారణంగా డిస్కును తెరుస్తుంది. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉండిపోయిన విభాగాన్ని అది చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అందుకే నిన్నటి దాకా పనిచేసిన డిస్కు, సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు మొండికేసినట్టు అనిపిస్తుంది. డిస్కు మారలేదు, దాన్ని తెరిచే డ్రైవర్ మారింది.

దీనికి సరైన వైద్యం డిస్కును ఒక విండోస్ యంత్రానికి తగిలించి చెక్‌డిస్క్ నడపడం, తరువాత ఎజెక్ట్ చేసి తీయడం, అదే ల్యాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లూ ఉంటే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయడం. లినక్స్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే పనిముట్టు ఉంది, హైఫన్ డీ గుర్తుతో అది ఆ డర్టీ గుర్తును తుడిచేస్తుంది. అయితే అది చిన్నచిన్న లోపాలను మాత్రమే సరిచేస్తుంది, చెక్‌డిస్క్ చేసే పూర్తి తనిఖీకి సాటిరాదు. గుర్తు తుడిచినంత మాత్రాన లోపలి నష్టం మానదు. వేరే ప్రతి లేని ఫొటోలు అందులో ఉంటే, ముందు చదవడానికి మాత్రమే మౌంట్ చేసి వాటిని మరో డిస్కులోకి కాపీ చేసుకున్నాకే మరమ్మతు జోలికి వెళ్లండి.

అపోహ: ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లకు ప్రత్యేక ప్యాకేజీ పెట్టుకోక తప్పదు.

ఒకప్పటి నిజం ఇది. మైక్రోసాఫ్ట్ 2019 ఆగస్టులో ఎక్స్‌ఫ్యాట్ వివరణ పత్రాన్ని ప్రచురించింది, 2020లో వచ్చిన 5.7 కెర్నల్ నుంచి శామ్‌సంగ్ అందించిన డ్రైవర్ కెర్నల్‌లో భాగమైంది. ఇప్పటి ఏ ప్రధాన డిస్ట్రోలోనైనా (ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రూపాల్లో) మౌంట్ కావడానికి అదే చాలు. తనిఖీ, మరమ్మతు పనిముట్లు కావాలంటేనే ఎక్స్‌ఫ్యాట్‌ప్రోగ్స్ అవసరం.

అపోహ: ఆటోమౌంట్ జరగకపోతే యూడెవ్ నియమంలో (పరికరం తగిలినప్పుడు ఏం చేయాలో చెప్పే వరుసలో) మౌంట్ ఆదేశం రాసేస్తే సరిపోతుంది.

పాత వ్యాసాల్లో ఈ చిట్కా కనిపిస్తుంది, రాసినవారికి ఆ రోజుల్లో పనిచేసి ఉంటుంది. బూట్‌నూ సేవలనూ నడిపించే సిస్టమ్‌డీ ఉన్న నేటి యంత్రాల్లో యూడెవ్ సేవను మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసిన మౌంట్ ఆవరణలో నడుపుతారు. నియమం నుంచి మౌంట్ చేసినా అది మనకు కనిపించదు. పైగా యూడెవ్ నియమాల నుంచి ఎక్కువ సేపు నడిచే ప్రోగ్రాములను మధ్యలోనే ఆపేస్తారు. నియమాల నుంచి మౌంట్ చేయడం కుదరదని యూడెవ్ మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది. డెస్క్‌టాప్ లేని యంత్రంలో నిజంగా ఆటోమౌంట్ కావాలంటే, యూడెవ్ నియమం నుంచి ఒక సిస్టమ్‌డీ సేవను పిలిపించి, ఆ సేవ చేత మౌంట్ చేయించాలి. ఐ3, స్వే వంటి తేలికపాటి విండో మేనేజర్లు వాడేవారికి ఇంత శ్రమ కూడా అక్కరలేదు. అక్కడ యూడిస్క్స్‌ను అడిగే డెస్క్‌టాప్ భాగమే లేదు కాబట్టి, యూడిస్కీ అనే చిన్న ప్రోగ్రామును సెషన్‌తో పాటు మొదలయ్యేలా పెడితే ఆ ఖాళీ నిండుతుంది.

అపోహ: ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక వరుస రాస్తే డిస్కు ఎప్పుడూ తెరుచుకుంటుంది.

బూట్ సమయంలో ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైలు ఎఫ్‌ఎస్‌ట్యాబ్. తెరుచుకుంటుంది, డిస్కు తగిలించి ఉన్నంత కాలం. అది లేకుండా యంత్రాన్ని ఆన్ చేసిన రోజు బూట్ తొంభై సెకన్లు వేచి చూసి, చివరకు ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది. మర్నాడు పరీక్ష పెట్టుకుని హాస్టల్ గదిలో ఆ నల్ల తెర ముందు కూర్చున్న ఒక విద్యార్థితో నేను రాత్రి పదకొండు గంటలకు ఫోన్‌లో మాట్లాడుతూ ఆ వరుసను తీయించాను. తీసిపెట్టే డిస్కుకు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ వరుస తప్పనిసరి అనుకుంటే, అందులో డిస్కు లేకపోయినా బూట్ ఆగకుండా చూసే నోఫెయిల్ అనే ఎంపిక ఉండాలి, ఎస్‌డీబీ1 వంటి పేరు కాక యూయూఐడీ ఉండాలి. ఎస్‌డీబీ అనే పేరు ఏ డిస్కుకూ సొంతం కాదు, రేపు మరో పెన్‌డ్రైవ్ ముందుగా తగిలితే అదే ఎస్‌డీబీ అవుతుంది.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది, దాన్ని పట్టుకోవడం మరింత కష్టం. పెన్‌డ్రైవ్ నుంచి డెబియన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు, ఇన్‌స్టాలర్ ఆ పెన్‌డ్రైవ్ పేరిట ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీబీ1, యూఎస్‌బీ0 అంటూ ఒక వరుసను వదిలి వెళ్లిన యంత్రాలు ఉన్నాయి. ఆ తరువాత ఎస్‌డీబీ1గా వచ్చిన ప్రతి డిస్కుకూ యూడిస్క్స్ ఆ పాత వరుసనే పాటిస్తుంది. ఫలితంగా డిస్కు మామూలు చోట కాక మరో చోట తెరుచుకోవడమో, రాయడానికి అనుమతి లేకపోవడమో జరుగుతుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యంత్రంలో ఒక్క యూఎస్‌బీ డిస్కూ సరిగ్గా పనిచేయకపోతే నేను మొదట తెరిచేది ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌నే. ఆ వరుస ముందు ఒక హాష్ (#) గుర్తు పెడితే చాలు, అది లెక్కలోకి రాదు.

అపోహ: ఫైళ్లు రాయనివ్వకపోతే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే చ్‌మాడ్ 777 కొట్టాలి.

ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ డిస్కుల్లో యూనిక్స్ అనుమతులను దాచే చోటే లేదు, కాబట్టి చ్‌మాడ్ అక్కడ ఏమీ నిలపదు. ఆ డిస్కుల యజమాని ఎవరనేది మౌంట్ చేసే క్షణంలో నిర్ణయమవుతుంది. యూడిస్క్స్ ద్వారా మౌంట్ అయితే యజమాని మనమే. సుడోతో, అంటే నిర్వాహక హక్కుతో, చేత్తో మౌంట్ చేస్తే యజమాని రూట్ (నిర్వాహక ఖాతా) అవుతాడు, ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. ఈఎక్స్‌టీ4 డిస్కు అయితే యజమాని సంఖ్య డిస్కులోనే ఉంటుంది, పాత ల్యాప్‌టాప్‌లో మీ సంఖ్య 1001, కొత్తదానిలో 1000 అయితే మీ ఫైళ్లే మీకు పరాయివి అవుతాయి. అప్పుడు చేయవలసింది చౌన్‌తో యజమానిని మార్చడం, అందరికీ తలుపులు తెరవడం కాదు.

అపోహ: సెట్టింగ్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి లోపం డిస్కుదే.

సెట్టింగ్స్‌తో సంబంధం లేని కారణాలు కొన్ని పదే పదే ఎదురవుతాయి. ఆర్చ్ వంటి డిస్ట్రోల్లో కెర్నల్ అప్‌డేట్ అయ్యాక రీబూట్ చేయకపోతే, నడుస్తున్న పాత కెర్నల్ తాలూకు మాడ్యూళ్లు (అవసరమైనప్పుడు కెర్నల్ చేర్చుకునే భాగాలు) డిస్కు మీద నుంచి తొలగిపోయి ఉంటాయి. అప్పటిదాకా వాడని, ఫ్యాట్ డిస్కులను తెరిచే వీఫ్యాట్ మాడ్యూల్ కావలసి వచ్చినప్పుడు అది దొరకదు. అందుకు రీబూట్ ఒక్కటే మందు. మరో యంత్రం నుంచి నెట్‌వర్క్ మీద ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయినప్పుడు పోల్‌కిట్ దాన్ని యంత్రం ముందు కూర్చున్న సెషన్‌గా లెక్కించదు, అందువల్ల పాస్‌వర్డ్ అడుగుతుంది, లేదా నిరాకరిస్తుంది. ఇది లోపం కాదు, రక్షణ. కంపెనీలు వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు బెంగళూరులో సులువుగా దొరుకుతాయి. వాటిలో పాత సిస్టమ్‌ను అలాగే ఉంచి వాడితే, భద్రత కోసం యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్‌ను ఆపిన వరుస మాడ్‌ప్రోబ్ డీ ఫోల్డర్‌లో మిగిలి ఉండవచ్చు. మీ సొంత యంత్రమైతే ఆ వరుసను తీసేయండి. అది కార్యాలయం ఇచ్చిన యంత్రమైతే మాత్రం దాన్ని ముట్టుకోకండి, ఐటీ విభాగాన్ని అడగండి.

అపోహ: లైటు వెలుగుతోంది కాబట్టి కేబుల్ మంచిదే.

లైటుకు కావలసిన కరెంటు ఎంతో కొద్ది. పళ్లెం తిరిగే హార్డ్ డిస్కు మొదలయ్యే క్షణంలో ఎక్కువ లాగుతుంది. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్ట్ 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్ట్ 900 మిల్లీఆంపియర్లు ఇస్తాయి. నాలుగు పరికరాలు పంచుకునే, సొంత అడాప్టర్ లేని హబ్ నుంచి అది అందదు. లాగ్‌లో మైనస్ 71, మైనస్ 110 అనే ఎర్రర్ సంఖ్యలు వస్తుంటే హబ్ తీసేసి, పొట్టి కేబుల్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూడండి. అలా చూసినా పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు మాత్రమే డిస్కు మాయమవుతూ, లాగ్‌లో యూఏఎస్ పేరుతో అబార్ట్ వరుసలు కనిపిస్తే, ఆ డిస్కు పెట్టెలోని చిప్‌కు యూఏఎస్ అనే వేగవంతమైన యూఎస్‌బీ పద్ధతి సరిపడటం లేదని అనుమానించాలి. యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్‌కు క్వర్క్స్ ఎంపికలో ఆ పరికరం తయారీదారు, ఉత్పత్తి సంఖ్యలు, చివర యూ అక్షరం ఇస్తే పాత పద్ధతికి మారుతుంది. వేగం కొంత తగ్గినా డిస్కు నిలకడగా ఉంటుంది.

అపోహ: కాపీ పూర్తయిందని తెర చెప్పింది, ఇక పీకేయవచ్చు.

తెర చెప్పింది ర్యామ్ వరకు చేరిన సంగతి. లినక్స్ ముందు ర్యామ్‌లో రాసుకుని, తరువాత నిదానంగా డిస్కుకు పంపుతుంది. ర్యామ్ ఎక్కువగా, పెన్‌డ్రైవ్ నెమ్మదిగా ఉన్నచోట ఆ మిగులు రాత నిమిషాల తరబడి సాగుతుంది. ప్రాక్ ఫోల్డర్‌లోని మెమ్‌ఇన్ఫో ఫైలులో డర్టీ, రైట్‌బ్యాక్ అనే వరుసలను చూస్తే ఇంకా ఎంత రాయవలసి ఉందో తెలుస్తుంది. సింక్ ఆదేశం ఆ రాత పూర్తయ్యాకే తిరిగి వస్తుంది. ఎజెక్ట్ నొక్కినప్పుడు "టార్గెట్ బిజీ" అని వస్తే, ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కు ఆ మౌంట్ ఫోల్డర్ పేరు ఇచ్చి ఎవరు పట్టుకుని ఉన్నారో చూడండి. చాలాసార్లు అది ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి మరచిపోయిన ఒక టెర్మినల్ కిటికీయే. విసుగుతో యూమౌంట్‌ను హైఫన్ ఎల్ గుర్తుతో నడపకండి. డిస్కు పేరు కళ్ల ముందు నుంచి మాయమవుతుంది, రాత మాత్రం వెనుక సాగుతూనే ఉంటుంది. ఆ టెర్మినల్‌ను మూసి, అన్‌మౌంట్ చేసి, యూడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ ఆదేశానికి డిస్కు పేరు ఇవ్వండి. పళ్లెం తిరగడం ఆగిన శబ్దం చేతికి, చెవికి తెలిశాక కేబుల్ తీయండి.