గడ్డలో మన కణాలే

అమ్ములూ, చిన్నా,

మీ లెక్కల మాస్టారి సంగతి విని నాకూ మనసు బాగోలేదు. "ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు ఉంటాయి కదా తాతయ్యా, మెదడులో గడ్డ పెరుగుతుంటే అవేం చేస్తున్నాయి?" అని అడిగారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇప్పటికీ తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న అది.

మెదడులో వచ్చే గడ్డలన్నీ క్యాన్సర్ కావు. మాస్టారికి వచ్చిన గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ మాత్రం చాలా మొండిది. ఆపరేషన్ చేసి, రేడియేషన్, మందులు ఇచ్చినా తరచూ మళ్ళీ వస్తుంది.

మెదడుకు సొంత రక్షణ కణాలున్నాయి. వాటిని మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా వీటిని విడిగా గుర్తించాడు. మనం అమ్మ కడుపులో ఉండగానే ఇవి మెదడులోకి చేరతాయి. సన్నని కొమ్మలు చాచి చుట్టుపక్కల తడిమి చూస్తూ, చచ్చిన కణాలను మింగేస్తుంటాయి. గడ్డ మొదలైతే ఇవి అక్కడికి చేరకుండా ఉండవు. ఎముక మజ్జలో పుట్టిన మోనోసైట్లనే రక్షణ కణాలు కూడా రక్తంలో వచ్చి, మాక్రోఫేజ్‌లనే మింగే కణాలుగా మారి వీటితో కలుస్తాయి. ఎంతగా చేరతాయంటే, కొన్ని గడ్డల్లో మూడో వంతు నుంచి సగం దాకా ఈ కణాలే ఉంటాయి!

మరి ఎందుకు చంపవు? ఈ కణాలకు రెండు పనులు వచ్చు. ఒకటి చంపడం, రెండోది గాయం మాన్పడం. మాన్పేటప్పుడు పోరాటం ఆపేస్తాయి, కొత్త రక్తనాళాలు పెరిగేలా చేస్తాయి. క్యాన్సర్ కణాలు టీజీఎఫ్-బీటా లాంటి రసాయనాలు వదిలి వీటిని ఆ రెండో పనిలోకి దించుతాయి. ఇక అవి గడ్డకే సాయపడతాయి, క్యాన్సర్ కణాలు పక్కకు పాకడానికి దారి కూడా చేసిపెడతాయి. క్యాన్సర్ గడ్డలు మానని పుండ్లని 1986లోనే హెరాల్డ్ డ్వొరాక్ అనే డాక్టరు రాశాడు. నాకు చాలా నచ్చిన మాట అది. క్యాన్సర్‌ని చంపగల టీ కణాలనే (T cells) మరో రకం రక్షణ కణాలేమో గడ్డలోకి కొద్దిగానే వస్తాయి, వచ్చినవీ అలసిపోతాయి.

మీ క్లాసువాళ్ళంతా డబ్బులు పోగేసి మాస్టారికి ఇమ్యూనిటీ పొడి కొందామనుకుంటున్నారట. మీ మనసు బంగారం. కానీ వద్దు. అక్కడ మైక్రోగ్లియా లాంటి కణాలకు కొదవలేదు, అవి చేసే పనే దారి తప్పింది. పైగా కొన్ని మూలికలు క్యాన్సర్ మందులతో పడవు.

ఆ కణాలను మళ్ళీ పోరాటంలోకి తిప్పాలని చాలాచోట్ల ప్రయత్నిస్తున్నారు. ఎలుకల్లో బాగా పనిచేసిన మందు మనుషుల్లో పనిచేయకపోవడమూ చూశాం. ఇంకో దారిలో, 2024లో అమెరికాలోని బోస్టన్‌లో ఇదే జబ్బున్న ముగ్గురి టీ కణాలను ల్యాబ్‌లో మార్చి, నేరుగా మెదడు లోపలి ద్రవంలోకి ఎక్కించారు. కొద్దిరోజుల్లోనే ముగ్గురిలోనూ గడ్డ తగ్గింది. ఇద్దరిలో త్వరలోనే మళ్ళీ పెరిగింది. ఒకరిలో మాత్రం ఆరు నెలలు దాటినా అదుపులోనే ఉంది. ఆ ఫలితం ఎక్కువకాలం నిలిచేలా చేయడమెలా అన్నదే ఇప్పుడు వాళ్ళు వెతుకుతున్నారు.

మీ తాతయ్య