చిన్న మోడల్ పడవకు వేగం ఎంత ఉండాలి?

1937లో న్యూయార్క్ దగ్గరి పోర్ట్ వాషింగ్టన్‌లో పర్డీ బోట్ కంపెనీ జాక్ విట్నీ అనే కోటీశ్వరుడికి 74 అడుగుల మోటారు పడవ ఒకటి కట్టి ఇచ్చింది. దాని పేరు ఆఫ్రొడైటీ. పొద్దున్నే ఆయన్ని లాంగ్ ఐలండ్‌లోని ఇంటి దగ్గర ఎక్కించుకుని వాల్‌స్ట్రీట్‌లో దింపడం దాని పని. ఇలా ఆఫీసుకు వెళ్ళిరావడానికి పెట్టుకున్న పడవలను కమ్యూటర్ యాట్‌లు అనేవారు. రైల్లో పదిమంది మధ్య కూర్చోవడం ఇష్టంలేని ధనవంతులు ఇందులో టిఫిన్ చేస్తూ, పేపర్ చదువుకుంటూ వెళ్ళేవారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన లిబర్టీ విమాన ఇంజిన్లు, ఒక్కొక్కటి 400 హార్స్‌పవర్‌వి, చవకగా దొరకడంతో వాటిని పడవల్లో బిగించేశారు. నిజం చెప్పాలంటే అంత తొందర ఆఫీసు కోసం కాదు, పక్కింటాయన పడవను దాటడం కోసమే!

ఆ పడవలకు మోడళ్ళు చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 16వ వంతు సైజులో చేస్తే ఆఫ్రొడైటీ నాలుగున్నర అడుగుల పైచిలుకు వస్తుంది. దాని అందమంతా వెనక భాగంలోనే ఉంది. పక్కలు పైకి వచ్చేకొద్దీ లోపలికి ఒరుగుతూ గుండ్రంగా ముగుస్తాయి. ఆ వంపుకు సన్నటి చెక్క బద్దలు అతకాలంటే చాలా ఓపిక కావాలి. ఇంత కష్టపడి చేశాక చెరువులో వదిలి రిమోట్‌లో ఫుల్ స్పీడ్ ఇస్తారు. అప్పుడది యాట్‌లా ఉండదు, బొమ్మలా గంతులేస్తుంది.

లోపం నీటి అలల లెక్కలో ఉంది. పడవ తన వెంట అలలను పుట్టిస్తుంది. లోతు నీటిలో పొడవైన అల వేగంగా, పొట్టి అల నెమ్మదిగా పోతుంది. అల పొడవు నాలుగింతలైతే వేగం రెండింతలే అవుతుంది, అంటే వర్గమూలం లెక్క. 74 అడుగుల పడవ గంటకు సుమారు 21 కిలోమీటర్లు అందుకునేసరికి దాని అల పొడవు పడవంత అవుతుంది. అక్కడి నుంచి పడవ తను లేపిన అలనే ఎక్కాల్సి వస్తుంది. దాటాలంటే బోలెడు హార్స్‌పవర్, నీటి మీదికి లేచే అడుగు భాగం కావాలి. కమ్యూటర్ పడవలకు అంతంత ఇంజిన్లు అందుకే.

ఈ లెక్కను ఇంగ్లండ్‌లో విలియం ఫ్రూడ్ అనే ఇంజినీరు మోడళ్ళతో తేల్చాడు. 1872లో టార్క్వేలో తన ఇంటి దగ్గరే పొడవాటి నీటి తొట్టి కట్టించి, అందులో మైనపు ఓడలను లాగి చూశాడు. ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది. విశాఖపట్నంలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబరేటరీలో ఇందుకోసమే 500 మీటర్ల పొడవైన తొట్టి ఉంది.

ఫ్రూడ్ ప్రకారం 16వ వంతు మోడల్ వేగం, 16కి వర్గమూలం 4 కాబట్టి, నాలుగో వంతు ఉండాలి. అసలుది గంటకు 60 కిలోమీటర్లు పోతే మోడల్ 15 చాలు. బరువు ఘనం లెక్కన 4096వ వంతు అవుతుంది, అంటే 20 టన్నుల పడవకు దాదాపు 5 కిలోలు. పవర్ అయితే ఇంకా తగ్గి సుమారు 16 వేలవ వంతుకు పడిపోతుంది. 1000 హార్స్‌పవర్ పడవ మోడల్‌కు కాగితం మీద 45 వాట్లు చాలన్నమాట. చిన్న పడవకు నీటి రాపిడి వాటా ఎక్కువ, చిన్న ప్రొపెల్లర్ సామర్థ్యం తక్కువ కాబట్టి నిజానికి ఇంకొంత కావాలి. అయినా నేటి చిన్న మోటార్లు కొన్ని వందల వాట్లు అలవోకగా ఇస్తాయి. మోడళ్ళు గంతులేసేది అందుకే.

వేగం సరిచేసినా కదలిక మనకు హడావిడిగానే కనిపిస్తుంది, ఎందుకంటే మోడల్ లోకంలో కాలం నాలుగింతలు తొందరగా నడుస్తుంది. వీడియోను నాలుగింతలు నెమ్మది చేసి చూడండి, పడవ ముక్కు లేవడం, అల విరిగి పడడం పెద్ద పడవలాగే ఉంటాయి. నీటి బొట్లు మాత్రం మాట వినవు. నీటిని బొట్టుగా పట్టి ఉంచే తలతన్యత పడవతో పాటు తగ్గదు కాబట్టి, అసలు పడవ వెనక తెల్లటి తుంపరగా ఎగిరే నీళ్ళు మోడల్ వెనక దాని సైజుకు గోలీకాయల్లాంటి పెద్ద బొట్లుగా కనిపిస్తాయి. ఎంత నేర్పరి చేసిన మోడల్ అయినా ఫొటోలో పట్టుబడేది చాలాసార్లు ఆ బొట్ల దగ్గరే.